చేపపిల్ల తొలి మేత: సజీవాహారం, తయారు మేత

బొచ్చె, రోహు, మ్రిగాల గుడ్లు వానాకాలపు నీటిలో 14 నుంచి 20 గంటల్లో పొదుగుతాయి. పొట్ట కింది సొన సంచే పిల్లకు మూడు రోజుల తిండి. అది కరిగిపోయేనాటికి పిల్ల పొడవు 5, 6 మి.మీ. రైతులు స్పాన్ అనేది దీన్నే. ఇక బయటి మేత దొరక్కపోతే బతకదు.

ఇలాంటి కార్పు జాతి చేపకు పెద్దయ్యాక కూడా జఠరం ఏర్పడదు. స్పాన్ పేగు ఇంకా పొట్టి గొట్టమే, అందులో జీర్ణరసాలూ తక్కువే. కదిలే రోటిఫర్ అనే సూక్ష్మజీవి కంటపడుతుంది, నోట పడుతుంది, మెత్తగా అరుగుతుంది. ఆ జీవి తన ఎంజైములను పిల్లకు అరువిస్తుందన్న వాదన చాలాకాలం నడిచింది. సముద్రపు చేపల్లో కొలిచి చూస్తే ఆ వాటా స్వల్పమేనని తేలింది.

కాబట్టి మేత పని స్పాన్ రాకముందే, నీటిలో మొదలవుతుంది. నర్సరీ చెరువుకు హెక్టారుకు 750 కిలోల పల్లిచెక్క, 200 కిలోల పేడ, 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ సిఫారసు. ఈ మూడింటిలో సగం నానబెట్టి, చిక్కగా కలిపి, పిల్ల వదలడానికి రెండు మూడు రోజుల ముందు చల్లుతారు. తెలంగాణలో పల్లి పండే నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల్లో చెక్క కోసం దూరం పోనక్కరలేదు. చెక్క కుళ్లిన నీటిలో ముందు రోటిఫర్లు, వెనుక మొయినా, డాఫ్నియా వంటి ప్లవకాలు పెరుగుతాయి. గాజు గ్లాసులో ఆ నీరు ముంచి వెలుతురుకు పడితే తెల్లని చుక్కలు ఎగిరెగిరి పడుతూ కనిపిస్తాయి. అదే ఎరువుతో స్పాన్‌ను తినే నీటిపురుగులూ పెరుగుతాయి. అవి గాలి కోసం పైకి వస్తాయి గనుక హెక్టారుకు 18 కిలోల సబ్బు, 56 కిలోల నూనె కలిపి నీటిపై పొరలా పరచి వాటికి గాలి అందకుండా చేస్తారు.

తయారు మేత అంటే పల్లిచెక్క పొడి, తవుడు సమపాళ్లలో కలిపి జల్లించినది. 10 లక్షల స్పాన్‌కు మొదటి ఐదు రోజులు రోజుకు 6 కిలోలు, తర్వాత 12 కిలోలు, రెండు పూటలుగా. తొలి రోజుల్లో ఈ పొడిలో పిల్ల నోట పడేది కొంతే, మిగిలింది ప్లవకాలకు ఎరువవుతుంది. ఆ తొలి రోజుల పొడి ఖర్చును మేత పద్దులో కన్నా ఎరువు పద్దులో రాయడమే సబబు.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకు ఈ లెక్క నడవదు. మాంసాహారి గనుక దాని పిల్ల పొడిని ముట్టదు. హేచరీలో ఉప్పునీటిలో ఒక రోజు పొదిగిన ఆర్టీమియా అనే సూక్ష్మ రొయ్యను వేస్తారు. మంచినీటిలో అది త్వరగా చస్తుంది, అందుకే కొద్దికొద్దిగా పలుమార్లు వేయాలి. తర్వాత మొయినా, ఆపైన చేపముద్ద, చివరకు గుళికలు. పాత మేత ఒక్కసారిగా మానితే పిల్లలు ఒకదాన్నొకటి మింగుతాయి. పాత, కొత్త మేతలను కొన్నాళ్లు కలిపి పెడుతూ, పెద్దవాటిని తరచూ ఏరివేయాలి.

మళ్లీ కార్పు పిల్లల మాటకొస్తే, తెలంగాణలో 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీలో వానాధార చెరువులకు 35-40 మి.మీ., జలాశయాలకు 80-100 మి.మీ. పిల్లలు నిర్ణయించారు. నర్సరీలో 15-20 రోజులకు పిల్ల 20-25 మి.మీ. అవుతుంది. అంటే నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి వంటి మండలాల్లో, నీరు కొద్ది నెలలే నిలిచే చెరువులకైనా, నర్సరీ దాటాక ఇంకొంత పెంపకం కావాలి. పిల్లను చెరువులకు పంపేందుకు వల వేయడానికి ముందురోజు మేత ఆపుతారు. పేగు ఖాళీ అయిన పిల్లే ఆక్సిజన్ సంచిలో నీటిని పాడుచేయకుండా ప్రయాణం తట్టుకుంటుంది.