ఒక్క ఉత్తరంతో వదిలేసిన అప్పీలు

జైలు నుంచి వచ్చే అప్పీళ్లు చూసే వకీలుగా నాకు అమెరికా తీర్పుల్లో అన్నిటికన్నా దగ్గరైంది చార్లీ ఆండర్స్ కేసు.

ఆయనకు కాలిఫోర్నియాలో గంజాయి కేసులో శిక్ష పడింది. చేతిలో డబ్బు లేదు కనక అప్పీలుకు కోర్టే ఒక వకీలును పెట్టింది. ఆ వకీలు రికార్డు చూసి, ముద్దాయితో మాట్లాడి, కోర్టుకు ఉత్తరం రాశాడు. అప్పీలులో పస లేదు, నేను వాదన దాఖలు చెయ్యను, ముద్దాయి తన వాదన తనే రాసుకుంటానంటున్నాడు అని దాని సారాంశం. ఏ అంశం ఎందుకు నిలవదో అందులో ఒక్క ముక్క లేదు. ఇంకో వకీలును ఇమ్మని ఆండర్స్ అడిగితే కోర్టు కాదంది. 1959లో శిక్ష ఖాయమైంది.

1963 మార్చి 18న అమెరికా సుప్రీంకోర్టు రెండు తీర్పులు ఇచ్చింది. పేద ముద్దాయికి విచారణలో వకీలును ఇవ్వాలంది గిడియన్ కేసు, మొదటి అప్పీలులోనూ ఇవ్వాలంది డగ్లస్ కేసు. ఆండర్స్ 1965లో మళ్లీ కోర్టు తలుపు తట్టాడు. ఆయన సాక్ష్యం చెప్పకపోవడం మీద ప్రాసిక్యూటరూ జడ్జీ వ్యాఖ్యానించారన్నది కూడా ఆయన ఫిర్యాదుల్లో ఒకటి. అలాంటి వ్యాఖ్య రాజ్యాంగ విరుద్ధమని ఆ ఏడాదే గ్రిఫిన్ కేసులో తేలింది.

1967 మే 8న అమెరికా సుప్రీంకోర్టులో ఆరుగురు జడ్జీలు ఆండర్స్ పక్షాన నిలిచారు. జస్టిస్ క్లార్క్ రాసిన తీర్పు వకీలును కట్టిపడెయ్యలేదు. తప్పుకోవచ్చు, కానీ రికార్డంతా శ్రద్ధగా చదివాక, ముద్దాయికి పనికొచ్చే అవకాశమున్న ప్రతి అంశాన్నీ రాసిచ్చి అనుమతి అడగాలి. ఆ ప్రతి ముద్దాయికీ అందాలి. ఆపైన కోర్టు తనంతట తాను రికార్డు చదవాలి. వాదించదగ్గది ఏదైనా కనిపిస్తే వకీలును ఇవ్వాలి.

జస్టిస్ స్టీవార్ట్ ఒప్పుకోలేదు. పస లేదంటూనే పసున్న అంశాలు రాయమనడం ఎలా కుదురుతుందన్నది ఆయన అభ్యంతరం. గిడియన్ తీర్పు రాసిన జస్టిస్ బ్లాకే ఆయనతో కలవడం నాకిప్పటికీ మింగుడుపడదు. తర్కానికి స్టీవార్ట్ మాట నిలుస్తుంది. పనిలో మాత్రం క్లార్క్‌దే సరైన దారి. మన కేసులే చూడండి, ఎఫ్‌ఐఆర్ మెజిస్ట్రేటుకు ఎన్ని గంటలకు చేరిందో దాని మీది ఎండార్స్‌మెంటులో ఉంటుంది. గ్రౌండ్లు రాయడానికి కూర్చుంటే తప్ప ఆ మూల వైపు చూపు పోదు. పైపైన తిరగేస్తే అన్ని కేసులూ పస లేనివిగానే కనిపిస్తాయి.

మన సుప్రీంకోర్టు కూడా 1996లో బనీ సింగ్ కేసులో, వకీలు రాలేదన్న ఒక్క కారణంతో అప్పీలు కొట్టెయ్యకూడదని, రికార్డు చూసి తేల్చాలని చెప్పింది.

2000లో రాబిన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆండర్స్ పద్ధతి ఒక్కటే దారి కాదంది. కాలిఫోర్నియాలో వకీలు కేసు వివరాలు రాసిస్తే చాలు, రికార్డు కోర్టు చదువుకుంటుందని అయిదుగురు జడ్జీలు ఒప్పుకున్నారు. నలుగురు కాదన్నారు. నేను ఆ నలుగురి వైపే. ముద్దాయి తరఫున వెతికే కన్ను వకీలుది. జడ్జీ ఎంత శ్రద్ధగా చదివినా ఆయన ఎవరి తరఫునా చదవడు.