హొసకోటెకు కొత్తగా వచ్చినవాళ్ళు



పోయిన వారం మన గ్రూపులో ఉగాదికి ఎవరెవరిని పిలవాలని మాట నడిచింది. "ఆంధ్రా, తెలంగాణా నుంచి వచ్చిన కుటుంబాలు చాలు. ఇక్కడి లోకల్ వాళ్ళ తెలుగు అదో రకం, పిల్లలు నవ్వుతారు" అని ఒకరు రాశారు. నలుగురు లైకు కొట్టారు. నేను అప్పుడేమీ అనలేదు. నా జవాబు పొడుగు, అందుకే వేరుగా రాస్తున్నాను. తీరిక లేనివాళ్ళు నేరుగా ఏనుగు కథ దగ్గరికి పోండి, అది బాగుంటుంది.

నేను ఎవరి తెలుగుకూ తీర్పు చెప్పేవాణ్ణి కాదు. మాది తిరుప్పత్తూరు పక్క. ఇంట్లో తెలుగు, బడిలో అంతా అరవం. జోలార్‌పేట నుంచి బెంగళూరు లైనులో పోతే నడుమ కొంత దూరం ఆంధ్రా వస్తుంది. కుప్పం స్టేషను బోర్డు మీద ఇంగ్లీషు చదివి, దాని పక్కన తెలుగు చూసి, 'కు' ఇట్లా ఉంటుంది, 'ప్ప' ఇట్లా ఉంటుంది అని పోల్చుకున్నాను. నా అక్షరాభ్యాసం అది. అప్పటికి నాకు ఉద్యోగమొచ్చి, పెళ్ళి కూడా అయింది.

రిటైరైనాక కొడుకు దగ్గరికని హొసకోటెకు వచ్చాను. ఉద్యోగమంతా టికెట్ల కిటికీ వెనక కూర్చున్నవాడికి దొరికిన ఊరు చూడండి, రైలే లేదు! 1864లో బెంగళూరు కంటోన్మెంటు, జోలార్‌పేట లైను వేసినప్పుడు అది మాలూరు మీదుగా పోయింది. హొసకోటె పక్కన పడిపోయింది. ఈ రోజుకీ మనకు దగ్గర స్టేషనంటే వైట్‌ఫీల్డో, దేవనగొందో. మనది రోడ్డు ఊరు. ముళబాగిలు, కోలారు మీదుగా వచ్చే పాత మద్రాసు రోడ్డు దీన్ని పెంచింది. ఆ రోడ్డున వచ్చినవాళ్ళ కథే ఈ ఊరి కథ.

హొస కోటె అంటే కొత్త కోట. దేనికంటే కొత్త? కోలారు కంటే. అది పాత కోట. మైసూరు గెజెటీరు రాసిన లూయిస్ రైస్ లెక్కలో సుమారు 1595లో సుగటూరు పాళెగాడు తిమ్మేగౌడ దీన్ని కట్టించాడు. తళ్ళికోట యుద్ధం అయిపోయి ముప్పై ఏళ్ళు. విజయనగర రాజులు హంపి వదిలేసి పెనుగొండకు, ఆ పిమ్మట చంద్రగిరికి జరిగిపోయిన కాలం. ఆ రాజుల దగ్గర తిమ్మేగౌడ 'చిక్కరాయ' అనే బిరుదు తెచ్చుకున్నాడు.

ఈ గౌడల కుదురు గురించి ఒక కథ ఉంది. కంచి వైపు ఒక దొర వీళ్ళ ఇంటి పిల్లను ఇమ్మని బలవంతం చేస్తే, ఇష్టం లేక రాత్రికి రాత్రి ఏడు కుటుంబాలు బయలుదేరి దేవనహళ్ళి దగ్గర ఆవతిలో దిగాయట. దేవనహళ్ళి, యలహంక, సుగటూరు పాళెగాళ్ళు ఆ గుంపువాళ్ళేనని చెప్పుకుంటారు. బెంగళూరు కట్టిన కెంపేగౌడ కూడా ఆ వర్గమే, మొరసు ఒక్కలిగలు. ఆ వర్గంలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు కోలారు పక్కన ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. కథలో నిజమెంతో పక్కన పెట్టండి. ఊరు కట్టినవాళ్ళు కూడా తమను "బయటినుంచి వచ్చినవాళ్ళం" అనే చెప్పుకున్నారు. నాకు నచ్చింది ఆ మాట.

తరువాత వచ్చినవాళ్ళకు లెక్క లేదు. 1638లో బిజాపూరు సైన్యం తీసుకుంది, శివాజీ తండ్రి షాజీకి జాగీరుగా ఇచ్చింది. 1687లో మొగలాయీలు వచ్చి సిరా సుబాలో కలిపారు. ఆ సుబాలో ఏడు పరగణాలు. అందులో హొసకోటె ఒకటి, మన పెనుగొండ ఇంకొకటి. అంటే మూడు వందల ఏళ్ళ క్రిందట ఈ రెండు ఊళ్ళ లెక్కలూ ఒకే కచేరీకి పోయేవి. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన మన సభ్యులు దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎవరైనా "మీరెక్కడివాళ్ళు" అంటే చెప్పడానికి పనికొస్తుంది.

1761లో ఆదవాని ఏలే బసాలత్ జంగు సిరా మీద కన్నేసి, అక్కడ మరాఠాలు గట్టిగా కూర్చున్నారని తెలిసి, వచ్చి హొసకోటెను ముట్టడించాడు. ఇతను నిజాముకు తమ్ముడు. అప్పుడు హైదరలీ అతనితో బేరం కుదుర్చుకున్నాడు. డబ్బు ఇతనిది, పట్టం అతనిది. సిరా ఇంకా చేతికి రాకముందే సిరా నవాబు అయిపోయాడు! జరగని రైలుకు రిజర్వేషను చేసుకున్నట్టు. చివరకు సిరా కూడా తీసుకున్నాడు, అది వేరే సంగతి.

ఇక ఏనుగు. 1768 ఆగస్టు. ఇంగ్లీషువాళ్ళకూ హైదరుకూ మొదటి యుద్ధం నడుస్తోంది. గుత్తి ఏలే మొరారి రావు తన గుర్రపు దళంతో ఇంగ్లీషువాళ్ళకు తోడు వచ్చి హొసకోటె దగ్గర డేరాలు వేశాడు. ఒక రాత్రి హైదరు సైన్యం ఆ డేరాల మీద పడింది. చీకట్లో ఎవరు మనవాడో, ఎవరు పగవాడో తెలియదు. మొరారి రావు ఒకటే ఆజ్ఞ ఇచ్చాడు: మనవాడెవడూ గుర్రమెక్కకూడదు, కట్టిన గుర్రం పక్కనే నేల మీద నిలబడాలి. అంటే గుర్రం మీద కనబడినవాడల్లా శత్రువే. ఎంత సులువైన తెలివి! ఆ గందరగోళంలో మొరారి రావు పట్టపుటేనుగుకు గాయమైంది. అది కట్టు తెంచుకుని, తన గొలుసును తానే తొండంతో పట్టుకుని, అటూ ఇటూ విసురుతూ డేరాల నడుమ పరుగెత్తి హైదరు గుర్రాల గుంపు మీద పడింది. గుర్రాలు వెనక్కి తిరిగి తమ కాల్బలాన్నే తొక్కాయి. దాడి చెదిరిపోయింది. ఇది నా కల్పన కాదు, మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ రాసిందే. ఎనిమిదేళ్ళకు, 1776లో, హైదరు గుత్తి కోట పట్టుకుని మొరారి రావును కబ్బాళదుర్గం చెరకు పంపాడు. పాపం అక్కడే పోయాడు. కట్ట మీద నడిచేటప్పుడల్లా నాకు రావు కంటే ఆ ఏనుగే ఎక్కువ గుర్తొస్తుంది.

రాజుల సంగతి చాలు. ఈ పక్కన ఊరూరా తిరిగినవాళ్ళలో నాకు ఇష్టమైన మనిషి ఒక గాజులాయన. చింతామణి తాలూకా కైవారం. గాజుల మలారం భుజానేసుకుని ఊళ్ళు తిరిగే నారాయణప్ప తరువాత యోగి అయ్యాడు. 1726 నుంచి 1836 దాకా, నూట పదేళ్ళు బతికాడని ఆయన భక్తులు చెబుతారు. కైవార తాతయ్య అంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఆయన తత్వాలు, కాలజ్ఞానం తెలుగులోనూ చెప్పాడు, కన్నడంలోనూ చెప్పాడు. గాజులు వేయించుకునే చేయి ఏ భాషదైతే ఆ భాష. ఆ కీర్తనలు ఇక్కడ ఈ రోజుకీ భజనల్లో పాడుతున్నారు. వాటి తెలుగు "అదో రకం" అనుకునేవాళ్ళు ఒకసారి కైవారం పోయి కూర్చుని వినాలి.

ఇప్పుడు నేను కలిసినవాళ్ళు. వచ్చిన కొత్తలో పొద్దున లేస్తే పని లేదు. మద్రాసు రోడ్డు, పాత పేట, అవిముక్తేశ్వర స్వామి గుడి, చెరువు కట్ట, అంతా తిరిగేవాణ్ణి. చెరువంటే చిన్నది కాదండి. పాత గెజెటీరు లెక్కకు కట్టే రెండు మైళ్ళు, నిండితే చుట్టుకొలత పది మైళ్ళు. ఆదివారం తెల్లవారకముందే బిర్యానీకి కట్టే క్యూ కూడా చూశాను. బెంగళూరు నుంచి కార్లలో వచ్చిన పిల్లలూ, మదనపల్లె టమోటా లారీ డ్రైవరూ ఒకే వరసలో నిలబడి ఆవులిస్తున్నారు.

గుడి దగ్గర ఒక పూలమ్మ ఉంది. మొదటి రోజు నా విరిగిన కన్నడంలో మూర ఎంతని అడిగాను. "తెలుగులో అడుగు సామీ, నేనేమన్నా కొరుకుతానా" అంది. నా నోరు విన్నాక, "అరవ నాటోళ్ళ మాదిరి ఉండాదే నీ మాట" అని నవ్వింది. వాళ్ళది నందగుడి పక్కన పల్లె, తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగే, చదువు కన్నడం. నేను మన అపార్ట్‌మెంటు పేరు చెప్పగానే ఆమె అన్న మాట ఇక్కడ రాయాలి. "మీ ఆడోళ్ళు వాళ్ళలో వాళ్ళు తెలుగు మాట్లాడుకుంటా వస్తారు. నా ముందుకొచ్చి హిందీలో బేరమాడతారు. నాకు హిందీ రాదు, వాళ్ళకు నేను కనబడను." ఆ రోజు మూర పూలకు బేరమాడబుద్ధి కాలేదు నాకు.

ఇంకొకాయన మన గేటు దగ్గరికే వస్తాడు, గంగిరెద్దుతో. ఇక్కడ కోలె బసవ అంటారు. సన్నాయి, ఎద్దు వీపున రంగు రంగుల బొంతలు, కొమ్ములకు గజ్జెలు. జనానికి కన్నడంలో దీవెన చెబుతాడు, ఎద్దుతో మాత్రం తెలుగు. "అయ్యగారికి దండం పెట్టు రా" అంటే అది మోకాలు వంచుతుంది. ఎందుకని అడిగితే "ఇది మా ఇంట్లో పుట్టింది సామీ, ఇంటి మాటే వింటాది" అన్నాడు. మన సెక్యూరిటీ వాళ్ళు ఆయన్ను రెండుసార్లు వెనక్కి పంపారు. సంక్రాంతికి మనమే గంగిరెద్దు బొమ్మ అట్టతో చేసి లాబీలో పెట్టుకున్నాము, ఫోటోలు గ్రూపులో ఉన్నాయి చూడండి.

అందుకని కార్యవర్గానికి రాతపూర్వకంగా ఒక తీర్మానం ఇస్తున్నాను. ఉగాది పిలుపులో "ఆంధ్రా, తెలంగాణా నుంచి వచ్చిన" అనే మాటలు తీసేసి "ఇంట తెలుగు మాట్లాడే" అని వేయాలి. పిలుపు ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క కన్నడ లిపిలో ఉండాలి, వాళ్ళు తెలుగు చదివేది ఆ లిపిలోనే కాబట్టి. కన్నడ లిపి పక్క నేను రాసి తెస్తాను. మాలూరు బోర్డు చూసి అదీ నేర్చుకున్నాను.

వచ్చే ఆదివారం పొద్దున 6 గంటలకు చెరువు కట్ట మీద నడక. పిల్లల్ని తీసుకురండి, ఏనుగు కథ మళ్ళీ చెబుతాను. అక్కడినుంచి గుడికి పోదాం. పూలు కొనేవాళ్ళు తెలుగులో బేరమాడండి. ఆమె తగ్గించదు, ముందే చెబుతున్నాను.