ఓర్జమార్ నుంచి స్టువర్టుపురం దాకా

‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ 2009లో వచ్చిన గేమ్. బయోవేర్ వాళ్ళు చేశారు. అందులో ఓర్జమార్ అని మరుగుజ్జుల రాజ్యం ఒకటుంది, కొండ కడుపులో. ప్రభువులు, యోధులు, కమ్మరులు, చేతిపనివాళ్ళు, గని కార్మికులు, వర్తకులు, సేవకులు: ఎవరి కులం వాళ్ళది. కొడుక్కి తండ్రి కులం, కూతురికి తల్లి కులం వస్తుంది. వీళ్ళందరికీ కింద, ఏ కులమూ లేనివాళ్ళు డస్ట్ టౌన్ అనే పేటలో బతుకుతుంటారు. పుట్టిన కొద్ది రోజులకే వాళ్ళ ముఖమ్మీద పచ్చబొట్టు పొడుస్తారు. ఎందుకంటే వాళ్ళ పూర్వీకులు నేరస్థులట.

ఫాంటసీ గేముల్లో కులం కనిపిస్తే మనవాళ్ళం వెంటనే వర్ణవ్యవస్థతో పోల్చేస్తాం. ఆ పోలిక తప్పని కాదు. కానీ డస్ట్ టౌన్‌కి ఇంకా దగ్గరి చుట్టం మన కోస్తాలోనే ఉంది. విశాఖ నుంచి చెన్నై వెళ్ళే రైలు బాపట్ల దాటాక, చీరాల రాకముందు ఒక చిన్న స్టేషన్ వస్తుంది. పేరు స్టువర్టుపురం.

గేమ్‌లో డస్ట్ టౌన్ వాసిగా ఆట మొదలుపెడితే మీకు దొరికే ఉద్యోగం ఒక్కటే: కార్టా అనే ముఠాకి పనిచెయ్యడం. ఆయుధం పట్టే హక్కు లేదు, వృత్తి చేసే హక్కు లేదు. ఒక యోధుడి కవచం తొడుక్కుని పోటీలో గెలిచినా, ముఖం బయటపడగానే జైలే. అంటే ముందు ముద్ర వేశారు, తర్వాత దారులన్నీ మూశారు, చివరికి దొంగతనం ఒక్కటే మిగిలాక “చూశారా, రక్తంలోనే ఉంది” అన్నారు. ఈ వరస ముఖ్యం. మామూలుగా మనం దీన్ని తలకిందులుగా వింటాం: ముందు నేరం, తర్వాత ముద్ర అని.

ఎరుకల వాళ్ళ కథలో కూడా వరస ఇదే. మీనా రాధాకృష్ణ తన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ పుస్తకంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇదెలా జరిగిందో వివరంగా చూపించారు. ఎరుకల, కొరవ కుటుంబాలు తీరంలో ఉప్పు కొని, పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకి మోసేవాళ్ళు, తిరిగొచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవాళ్ళు. బండి దారి కూడా లేని ఊరికి వీళ్ళే సరుకు రవాణా. దాంతోపాటు బుట్టలల్లడం, ఆడవాళ్ళు ఎరుక చెప్పడం. మన యక్షగానాల్లో నాయికకి భవిష్యత్తు చెప్పే సింగి ఈ లోకంలోంచి వచ్చిందే. పందొమ్మిదో శతాబ్దంలో ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది, రైళ్ళొచ్చాయి. ఉప్పు, ధాన్యం రైలెక్కాయి. మోసేవాళ్ళకి మోయడానికేం మిగల్లేదు. తిరుగుతూ బతికే మనుషులు, చేతిలో పని లేదు, సొంత ఊరు లేదు. పోలీసులకి అది చాలు.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసుకీ తెచ్చారు. ఒక తెగ మొత్తాన్ని నేరస్థ తెగగా ప్రకటించొచ్చు. ఆ ప్రకటన సరైందో కాదో ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు. రిజిస్టర్లో పేరు, వేలిముద్రలు, హాజరు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఆ ఫీల్డుకి ఎడిట్ ఆప్షన్ లేదు, పైగా పిల్లలకి డిఫాల్ట్‌గా అదే విలువ వస్తుంది. ఓర్జమార్‌లో ఈ పని షేపరేట్ చేస్తుంది. వంశాల చరిత్ర రాసేది వాళ్ళే. వెలివేసిన వాడి పేరు అందులోంచి చెరిపేస్తారు. అక్కడ పేరు చెరిపి శిక్షిస్తారు, ఇక్కడ పేరు రాసి శిక్షించారు.

చట్టం వచ్చిన రెండు మూడేళ్ళకే స్టువర్టుపురం సెటిల్మెంట్ వెలిసింది. మద్రాసు గవర్నర్ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఆ సంస్థ నాయకుడు బూత్-టకర్ నేరస్థుల్ని బాగుచేసే ఈ విద్యకి ‘క్రిమినోక్యూరాలజీ’ అని శాస్త్రం పేరులాంటి పేరొకటి కనిపెట్టాడు. బయటికెళ్ళాలంటే పాస్ కావాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి మాత్రం ఈ సెటిల్మెంట్ నుంచి కూలీలు దొరికారు. పుట్టుకతో దొంగలన్నవాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర మాత్రం పనికొచ్చే చేతులయ్యారు.

గేమ్‌లో చివరికి మీరు ఒక రాజుని ఎంచుకోవాలి. హారోమాంట్ మర్యాదస్థుడు, మాట తప్పడు, కానీ పాత కట్టుబాట్లని ఇంకా బిగిస్తాడు. బెలెన్ సొంత అన్న చావు వెనక ఉన్నవాడు, కానీ కులం లేనివాళ్ళకి కొంత దారి తెరుస్తాడు. అదీ, వాళ్ళు యుద్ధంలో ఆయుధం పడతారు గనక. మద్దిలపాలెంలో నాతోపాటు ఈ గేమ్ ఆడిన మా మిత్రులు దాదాపు అందరూ మొదటిసారి హారోమాంట్‌కే ఓటేశారు, మంచివాడని. కులాన్ని ఎంతకాలమైనా నిలబెట్టగలిగేది ఇలాంటి మంచివాళ్ళే. కానీ నాకున్న పేచీ వేరు. ఏ రాజు వచ్చినా ముఖాలమీద పాత పచ్చబొట్టు పోదు.

మన దగ్గరా అంతే. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. దాని స్థానంలో ‘అలవాటుపడ్డ నేరస్థుల’ చట్టాలొచ్చాయి. డెబ్బైల నుంచి హేమలత, లవణం దంపతులు స్టువర్టుపురంలో సంస్కరణ పని చేశారు. ఆమె జాషువా గారి కూతురు. తండ్రి పద్యంలో ఎదిరించినదాన్ని కూతురు ఆ ఊళ్ళోకి వెళ్ళి ఎదుర్కొంది. మన సినిమాలు మాత్రం ఆ పేరుని 1991లోనూ అమ్ముకున్నాయి, 2023లోనూ అమ్ముకున్నాయి. హాస్టల్లో చెప్పులు పోతే “ఎవడ్రా స్టువర్టుపురం వాడు” అనే జోకు నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో మామూలు మాట.

2024 అక్టోబరు 3న సుప్రీం కోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనల్ని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. విముక్త జాతుల వాళ్ళని అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే రాతల్నీ తప్పుపట్టింది. రద్దయిన చట్టం తాలూకు రాత ఇంకో పుస్తకంలో డెబ్బై రెండేళ్ళు బతికిందన్నమాట.

ఓర్జమార్ రచయితలు డస్ట్ టౌన్ ముత్తాతలు అంతకుముందు ఏం పని చేసేవారో చెప్పలేదు. నేరస్థులన్న షేపరేట్ మాటే మనకి మిగిలింది. స్టువర్టుపురం విషయంలో ఆ ఖాళీ లేదు. ఉప్పు ఎక్కడ కొన్నారో, ధాన్యం ఎటు తెచ్చారో, ఏ రైలు వచ్చి ఆ పని పట్టుకుపోయిందో రాసి ఉంది. ఆ ఊరి పేరు ఎవరైనా జోకుగా తెస్తే, ముందు ఉప్పు సంగతి చెప్పండి.