అమెరికాలో చేతి తుపాకీ ధారణ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సాధారణ పౌరులు ఆత్మరక్షణ నిమిత్తం పిస్తోలునుగానీ, రివాల్వరునుగానీ దుస్తుల క్రింద ఇతరులకు కనబడకుండా వెంట ఉంచుకొనే పద్ధతిని కన్సీల్డ్ క్యారీ అంటారు. అందరికీ కనబడేలా ధరిస్తే దానిని ఓపెన్ క్యారీ అంటారు. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి పద్ధతికి సంబంధించినది. 2019లో సుమారు 60 లక్షలమంది వయోజనులు ప్రతిదినమూ తూటాలు నింపిన చేతి తుపాకీని వెంట ఉంచుకొన్నారని, 2022లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ పత్రికలో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. 2015కు సంబంధించిన అంచనా ఇందులో దాదాపు సగం మాత్రమే. కొత్తగా తుపాకీ ధరించేవారికి మొదట శారీరకంగానూ, మానసికంగానూ ఇబ్బంది కలుగుతుంది. అలవాటుతో ఆ ఇబ్బంది తొలగిపోతుంది. అయితే అలవాటు మరపుగా మారినప్పుడు ప్రమాదాలు సంభవిస్తాయి.

చరిత్ర

1791లో ఆమోదం పొందిన రాజ్యాంగ రెండవ సవరణ పౌరులకు ఆయుధాలు కలిగి ఉండే హక్కును, ధరించే హక్కును ప్రస్తావించింది. అయినప్పటికీ 19వ శతాబ్దంలో ఆయుధాన్ని దాచి తిరుగుటను అనేక రాష్ట్రాలు నిషేధించాయి. 1813లో కెంటకీ, లూసియానా రాష్ట్రాలు ఇటువంటి చట్టాలను చేశాయి. నిజాయితీపరుడు ఆయుధాన్ని బాహాటంగా ధరిస్తాడని, దాచేవాడు దురుద్దేశం కలవాడని ఆనాటి భావన. నేటి ఆచారం ఇందుకు దాదాపు విరుద్ధమైనది.

1911లో న్యూయార్క్ రాష్ట్రం సలివాన్ చట్టం ద్వారా చేతి తుపాకులకు లైసెన్సును తప్పనిసరి చేసింది. 1967లో ఓక్లాండ్ నగరంలో బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యులు సాయుధులై పోలీసుల చర్యలను గమనిస్తూ తిరిగిన నేపథ్యంలో, కాలిఫోర్నియా రాష్ట్రం మల్ఫోర్డ్ చట్టాన్ని చేసి, తూటాలు నింపిన తుపాకులను బహిరంగంగా ధరించుటను నిషేధించింది. ఆ చట్టంపై సంతకం చేసిన గవర్నరు రోనాల్డ్ రీగన్.

1987లో ఫ్లోరిడా రాష్ట్రం అర్హులందరికీ అనుమతి పత్రం ఇచ్చే విధానాన్ని ప్రవేశపెట్టిన తరువాత అనేక రాష్ట్రాలు అదే మార్గాన్ని అనుసరించాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని సంపూర్ణ నిషేధాన్ని 2012లో ఫెడరల్ న్యాయస్థానం కొట్టివేసింది. 2013లో ఆ రాష్ట్రం కూడా చట్టం చేయడంతో, తుపాకీ ధారణను ఏదో ఒక రూపంలో అనుమతించని రాష్ట్రం లేకుండా పోయింది.

చట్టపరమైన స్థితి

రాష్ట్రాల చట్టాలను స్థూలంగా మూడు విధాలుగా విభజించేవారు.

* మే ఇష్యూ: అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి విచక్షణపై ఆధారపడి ఉండేది. దరఖాస్తుదారు ప్రత్యేక కారణాన్ని చూపవలసి వచ్చేది.
* షల్ ఇష్యూ: వయస్సు, నేరచరిత్ర, శిక్షణ వంటి నిర్ణీత అర్హతలు ఉంటే అధికారి అనుమతి ఇచ్చి తీరవలెను.
* పర్మిట్‌లెస్ క్యారీ: చట్టప్రకారం తుపాకీ కలిగి ఉండదగిన వ్యక్తి వేరే అనుమతి పత్రం లేకుండానే ధరించవచ్చును. వెర్మాంట్‌లో ఈ పద్ధతి మొదటినుండీ ఉన్నది. అలాస్కా 2003లోనూ, అరిజోనా 2010లోనూ దీనిని స్వీకరించాయి. 2024 నాటికి ఇటువంటి రాష్ట్రాల సంఖ్య 29కి చేరింది.

2022 జూన్ 23న సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో న్యూయార్క్ రాష్ట్రపు ప్రత్యేక కారణ నిబంధనను 6-3 ఆధిక్యంతో కొట్టివేసింది. ఇంటి బయట కూడా ఆత్మరక్షణకు చేతి తుపాకీ ధరించే హక్కు ఉన్నదని ఈ తీర్పు సారాంశం. దీనితో మే ఇష్యూ విధానం అంతమైనది. 2024లో రహీమీ కేసులో అదే న్యాయస్థానం, గృహహింసకు సంబంధించిన న్యాయస్థాన ఉత్తర్వులకు లోబడినవారినుండి తుపాకులను దూరంగా ఉంచే చట్టాన్ని 8-1 ఆధిక్యంతో సమర్థించింది.

అనుమతి ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా తుపాకీ ధరించడానికి వీలులేదు. ఫెడరల్ న్యాయస్థాన భవనాలలోనూ, విమానాశ్రయాలలో తనిఖీ దాటిన ప్రాంతంలోనూ నిషేధం ఉన్నది. పాఠశాలల పరిసరాలు, మద్యశాలలు మొదలైనవాటి విషయంలో నిబంధనలు రాష్ట్రాన్నిబట్టి మారుతుంటాయి. ఒక రాష్ట్రపు పర్మిట్టు మరొక రాష్ట్రంలో చెల్లకపోవచ్చును.

ధరించే విధానం

తుపాకీని ఉంచే ఒరను హోల్‌స్టరు అంటారు. నడుముపట్టీకి లోపలివైపున, ప్యాంటుకు శరీరానికి మధ్య ఉంచే హోల్‌స్టరు ఎక్కువ వాడుకలో ఉన్నది. దీనిని తుంటి ప్రక్కనగానీ, పొట్టకు ముందుభాగానగానీ ధరిస్తారు. ముందుభాగాన ధరిస్తే త్వరగా తీయవచ్చును గానీ, కూర్చొన్నప్పుడు గొట్టం తొడవైపు తిరిగి ఉంటుంది. చీలమండకు, భుజానికి, జేబులో ధరించే రకాలు కూడా ఉన్నాయి.

హోల్‌స్టరు ఏ రకమైనదైనా ట్రిగ్గరును పూర్తిగా కప్పి ఉంచవలెను. మెత్తబడిపోయిన తోలు ఒర మడతపడి ట్రిగ్గరును నొక్కే ప్రమాదం ఉన్నందున కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఒరలను చాలామంది వాడతారు. గ్లాక్ 19 పిస్తోలు తూటాలతో కలిపి సుమారు 850 గ్రాముల బరువు ఉంటుంది. మామూలు నడుముపట్టీ ఈ బరువుకు జారిపోతుంది. కనుక ఇందుకొరకు మందమైన, గట్టి పట్టీలను తయారుచేస్తారు. 2018లో విడుదలైన సిగ్ సావర్ పీ365 వంటి చిన్న పిస్తోళ్ళను దాచడం తేలిక. కానీ తుపాకీ తేలికైనకొద్దీ పేల్చినప్పుడు చేతిలో ఎక్కువగా ఎగురుతుంది, గురి కుదరడం కష్టమవుతుంది.

అలవాటు పడుట

మొదటి రోజులలో అందరూ తననే చూస్తున్నారనే భావన కలుగుతుంది. తుపాకీ ఆకారం చొక్కాపై కనబడుతున్నదేమోనని మాటిమాటికీ తడుముకొంటారు. నిజానికి ఎదుటివారి దృష్టిని ఆకర్షించేది ఈ తడుముకోవడమే. అందువలన శిక్షకులు ఈ క్రింది పద్ధతులను సూచిస్తుంటారు.

* తుపాకీలో తూటాలు లేవని ఒకటికి రెండుసార్లు పరీక్షించి, కొన్ని రోజులు ఇంటిలోనే ధరించి తిరగవలెను. కూర్చోవడం, వంగడం, మెట్లెక్కడం, కారులో బెల్టు పెట్టుకోవడం ఇందులో భాగం.
* తుపాకీని తీయడం ఖాళీ తుపాకీతో నెమ్మదిగా అభ్యసించి, తరువాత శిక్షకుని సమక్షంలో కాల్పుల మైదానంలో అభ్యసించవలెను.
* తిరిగి ఒరలో పెట్టేటప్పుడు తొందర పనికిరాదు. చొక్కా అంచుగానీ, తాడుగానీ ట్రిగ్గరుకు తగులుకొంటే తుపాకీ పేలగలదు.
* ఒరనుండి అవసరం లేకుండా తీయరాదు. మరుగుదొడ్డిలో తుపాకీని గట్టుమీద పెట్టి మరచిపోయిన సందర్భాలు ఉన్నాయి.
* మద్యం సేవించే రోజున ధరించరాదు.

వీటన్నిటికీ మూలం జెఫ్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు సూత్రాలు. ప్రతి తుపాకీనీ తూటాలు ఉన్నదానిగానే భావించాలి. నాశనం చేయదలచని దేనివైపూ గొట్టాన్ని త్రిప్పరాదు. గురి కుదిరేవరకు వేలు ట్రిగ్గరుపై ఉంచరాదు. లక్ష్యమేమిటో, దాని వెనుక ఏమున్నదో తెలుసుకోవాలి.

మరపు, ప్రమాదాలు

ధరించినవాని దృష్టిలో తుపాకీ చేతిగడియారం వంటి మామూలు వస్తువుగా మారినప్పుడు అది ఉన్నదనే స్పృహ తగ్గుతుంది. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీలలో 6,737 తుపాకులు పట్టుబడ్డాయి. వాటిలో 90 శాతానికి పైగా తూటాలు నింపినవే. సంచిలో ఉన్న సంగతి మరచిపోయామన్నది పట్టుబడినవారు సాధారణంగా చెప్పే సమాధానం.

2014 డిసెంబరు 30న ఇడాహో రాష్ట్రంలోని హేడెన్ పట్టణంలో ఒక దుకాణంలో, రెండేళ్ళ బాలుడు తల్లి చేతిసంచిలోని పిస్తోలును అందుకొనగా అది పేలి తల్లి మరణించింది. ఆమె పర్మిట్టు కలిగినది. ఆ సంచి తుపాకీ ఉంచుకొనుటకు ప్రత్యేకంగా తయారుచేయబడినది. తుపాకీ శరీరంపైనే ఉండాలని, విడిగా పెట్టవలసివస్తే తాళంలో ఉంచాలని శిక్షకులు చెప్పడానికి కారణం ఇటువంటి ఘటనలే. నిలిపి ఉంచిన కార్లలోనుండి తుపాకులు దొంగిలింపబడడం కూడా పెద్ద సమస్యగా ఉన్నది.

ప్రవర్తన, పోలీసులు

ప్రాణాపాయం లేని తగాదాలో తుపాకీని చూపించడం కూడా నేరం కాగలదు. వెనుకకు తగ్గే అవకాశం ఉంటే తగ్గాలని కొన్ని రాష్ట్రాల చట్టం కోరుతుంది. 2005లో ఫ్లోరిడా చేసిన చట్టం వంటివి, న్యాయబద్ధంగా ఉన్నచోట వెనుకకు తగ్గనవసరం లేదంటాయి. చట్టం ఏదైనా, తుపాకీ ఉన్నవాడే మాట పడి తొలగిపోవాలన్నది శిక్షణలో ముఖ్యమైన పాఠం.

కొన్ని రాష్ట్రాలలో పోలీసులు ఆపినప్పుడు తుపాకీ ఉన్న సంగతి వెంటనే తెలపవలెను. అయితే తెలిపినంత మాత్రాన అపాయం తప్పుతుందన్న భరోసా లేదు. 2016 జూలైలో మిన్నెసోటా రాష్ట్రంలో, పర్మిట్టు కలిగిన ఒక నల్లజాతీయుడు తనవద్ద తుపాకీ ఉన్నదని చెప్పిన కొద్ది క్షణాలలోనే పోలీసు అధికారి కాల్పులకు గురై మరణించాడు. 2017లో జ్యూరీ ఆ అధికారిని నిర్దోషిగా ప్రకటించింది.

భద్రతపై వాదోపవాదాలు

2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ జరిపిన సర్వేలో తుపాకీ యజమానులలో 72 శాతం మంది రక్షణను ప్రధాన కారణంగా పేర్కొన్నారు. తుపాకీ ధారణ చట్టాలు నేరాలను తగ్గిస్తాయని జాన్ లాట్, డేవిడ్ మస్టర్డ్ 1997లో వాదించారు. లభ్యమైన ఆధారాలతో ఎటూ తేల్చలేమని 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ సంఘం అభిప్రాయపడింది. ఇటువంటి చట్టాలు చేసిన పదేళ్ళకు హింసాత్మక నేరాలు 13 నుండి 15 శాతం అధికంగా ఉన్నట్లు 2019లో జాన్ డోనహ్యూ బృందం ప్రకటించింది.

అమెరికాలోని తెలుగువారు

హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. రాష్ట్రపు వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి కొన్ని ఉన్నాయి. అతిక్రమణ జైలుశిక్షకు, దేశ బహిష్కరణకు దారితీయగలదు. కనుక పర్మిట్టు అవసరంలేని రాష్ట్రంలో నివసించే వీసాదారు కూడా తనకు ఆ స్వేచ్ఛ ఉన్నదని భావించరాదు. గ్రీన్‌కార్డు కలిగినవారికి ఈ నిషేధం వర్తించదు.

భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉండడమే నేరం. 2019 సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడునుండి రెండుకు తగ్గించింది. అమెరికాలో వలె దీనిని హక్కుగా కోరే అవకాశం ఇక్కడ లేదు.

ఇవి కూడా చూడండి

* తుపాకి
* అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగం
* ఆత్మరక్షణ