క్రిస్టల్ సిటీ బడి పోరాటం

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు చేరువగా ఉన్న చిన్న పట్టణం క్రిస్టల్ సిటీ. పాలకూర పంటకు పేరుమోసిన ఊరు; 1937లో అక్కడ పాలకూర తినే కార్టూన్ వీరుడు పొపాయ్ విగ్రహం కూడా నిలబెట్టారు. 1960ల్లో ఊళ్లో ఐదింట నాలుగు వంతులకు పైగా జనం మెక్సికన్ అమెరికన్లు. భూములు, వ్యాపారాలు మాత్రం చాలావరకు తెల్లవారివి. వేసవి రాబోతుండగా కూలి కుటుంబాలు ఉత్తరాది రాష్ట్రాల బీట్‌దుంప చేలకు వలసపోయి, పంటలయ్యాక తిరిగొచ్చేవి. దాంతో పిల్లల చదువు ఏటా మొదట్లోనూ చివర్లోనూ తెగిపోయేది. బడిలో ఉన్నన్నాళ్లూ ఇంటి భాష స్పానిష్ మాట్లాడితే శిక్ష పడేది. హైస్కూలు పూర్తిచేయకుండానే చాలామంది మానేసేవారు.

అక్కడ బడుల పెత్తనం స్కూల్ డిస్ట్రిక్టుది. స్థానికులు ఎన్నుకున్న ఏడుగురు సభ్యుల బోర్డు పన్ను వేస్తుంది, సూపరింటెండెంటును నియమిస్తుంది, ఏం బోధించాలో, ఎవరు బోధించాలో చాలావరకు తేలుస్తుంది. 1963లో ఐదుగురు మెక్సికన్ అమెరికన్లు నగర పాలక మండలిని గెలిచి దేశాన్ని ఆశ్చర్యపరిచారు. కానీ 1965కల్లా ఆ అధికారం చేజారింది. బడుల మీద పట్టు తెల్లవారి చేతిలోనే ఉండిపోయింది.

గొడవ, ఆటల పోటీల్లో జట్టును ఉత్సాహపరిచే చీర్‌లీడర్ల ఎంపికతో మొదలైంది. హైస్కూలు విద్యార్థుల్లో ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్లే అయినా, నలుగురు చీర్‌లీడర్లలో వారికి ఒక్క చోటే దక్కడం ఆనవాయితీ. ఎంచేది ఉపాధ్యాయులు. 1969 వసంతంలో సెవెరిటా లారా అనే విద్యార్థిని దీన్ని ప్రశ్నిస్తూ సంతకాలు సేకరించింది. అదే ఏడాది పూర్వ విద్యార్థుల సంఘం ఉత్సవ రాణి పోటీకి ఒక నిబంధన పెట్టింది: తల్లిదండ్రుల్లో ఒకరైనా అదే హైస్కూలులో పట్టభద్రులై ఉండాలి. జాతి పేరు ఎక్కడా ఎత్తని ఈ నిబంధన, ఒక తరానికి చదువు అందనివ్వకపోవడాన్నే రెండో తరానికి అనర్హతగా మార్చింది. అందుకే ఇది కిరీటం గురించిన తగవుగా మిగల్లేదు. విద్యార్థుల కోరికల పట్టీలో ద్విభాషా బోధన, మెక్సికన్ అమెరికన్ ఉపాధ్యాయులు, కౌన్సెలర్లు, తమ చరిత్రకు పాఠాల్లో చోటు చేరాయి.

బోర్డు వినిపించుకోకపోవడంతో డిసెంబరు 9న విద్యార్థులు తరగతులు వదిలి బయటికొచ్చారు. రోజురోజుకూ సంఖ్య పెరిగింది, కింది తరగతుల పిల్లలూ కలిశారు. ఈ ఊళ్లోనే పుట్టి, అప్పటికే మెక్సికన్ అమెరికన్ యువజన సంఘాన్ని స్థాపించినవారిలో ఒకరైన హోసే ఆంహెల్ గుతియెర్రెజ్ తల్లిదండ్రులను కూడగట్టారు. అసలు ఒత్తిడి హాజరుపట్టీలో ఉంది. రాష్ట్రం ఇచ్చే నిధులు రోజువారీ సగటు హాజరును బట్టి వస్తాయి కాబట్టి, పిల్లలు రాని ప్రతిరోజూ బోర్డుకు డబ్బు నష్టం. ముగ్గురు విద్యార్థులు వాషింగ్టన్ వెళ్లి సెనేటర్లకు గోడు వినిపించారు. క్రిస్మస్ సెలవుల్లో బయటి ఊళ్ల ఉపాధ్యాయులు వచ్చి పాఠాలు చెప్పారు. కేంద్ర న్యాయశాఖ మధ్యవర్తుల చొరవతో 1970 జనవరిలో ఒప్పందం కుదిరింది. చాలా కోరికలు నెరవేరాయి.

కానీ ఒప్పందాన్ని అమలు చేయాల్సింది పాత బోర్డే. ఆ సంగతి ఊరికి బాగా తెలుసు. ఆ నెలలోనే మెక్సికన్ అమెరికన్ల పార్టీగా లా రాసా ఉనీదా పుట్టింది. ఏప్రిల్ ఎన్నికల్లో గుతియెర్రెజ్, మరో ఇద్దరు బోర్డుకు గెలిచారు, ఆయన అధ్యక్షుడయ్యారు. కొత్త బోర్డు చిన్న తరగతుల్లో స్పానిష్, ఇంగ్లీషు రెండింటా బోధన మొదలుపెట్టింది. మెక్సికన్ అమెరికన్ ఉపాధ్యాయులను పెద్దసంఖ్యలో తీసుకుంది, సూపరింటెండెంటు పదవినీ ఆ వర్గానికి చెందిన ఆంహెల్ నోయే గొంజాలెజ్‌కు అప్పగించింది. కేంద్ర నిధులు వచ్చాయి.

దీనికి మూల్యమూ ఉంది. తెల్ల ఉపాధ్యాయులు చాలామంది వెళ్లిపోయారు, తెల్ల కుటుంబాలు పిల్లలను వేరే బడుల్లో చేర్చాయి. 1975 నాటికి పార్టీయే చీలిపోయి, గుతియెర్రెజ్ వర్గం పట్టు కోల్పోయింది. అయినా పాఠశాలల్లో వచ్చిన మార్పు పార్టీ కంటే గట్టిదని తేలింది. అప్పటికే, 1973లో, టెక్సస్ శాసనసభ చట్టం చేసింది: ఏ డిస్ట్రిక్టులోనైనా ఒకే తరగతిలో ఇంగ్లీషు సరిగా రాని పిల్లలు 20 మంది ఉంటే, ప్రాథమిక స్థాయిలో ద్విభాషా బోధన తప్పనిసరి.