ఉమ్మడి గోడకు ఎంత లోతు?

జనగామలోని మా తాతగారి ఇల్లు ఒకప్పుడు ఒకటే. ఆయన తరువాత అన్నదమ్ముల పంపకాలలో అది రెండయింది. నడుమనున్న మట్టిగోడ మాత్రం ఇరువురికీ ఉమ్మడిగా మిగిలింది. ఇవతల మేము, అవతల మా చిన్నాయన కుటుంబం.

మొన్న వేసవిలో పుస్తకాల అర బిగించేందుకు ఆ గోడకు డ్రిల్లింగు యంత్రం పెట్టాను. రెండవ రంధ్రం పూర్తికాకముందే అవతల ఏదో రాలిన చప్పుడయింది. వెళ్లి చూస్తే చిన్నమ్మ దీపం పెట్టుకునే గూటిలో సున్నపు పెచ్చు ఊడి పడి ఉంది. గూడు ఉన్నచోట గోడ మందం సగమేనన్న సంగతి నాకు తట్టలేదు. ఆమె కోపగించలేదు. "అడిగితే గూడెక్కడున్నదో నేనే చూపెడుదును కద బిడ్డా" అన్నది, అంతే. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పంచుకున్న గోడలో మన హక్కు ఎంత లోతు వరకు ఉంటుంది?

పంపకం అనగానే మనకు గుర్తుకు రావలసిన గ్రంథం మితాక్షర. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు దానిని రచించాడు. అప్పటికి హనుమకొండ కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులే. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దానిని "విజ్ఞానేశ్వరీయము" పేర తెనుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆస్తిని ఎలా పంచాలో వివరించిన విజ్ఞానేశ్వరుడు, పంచకూడనివేవో కూడా చెప్పాడు. బావి నీటిని వంతులవారీగా వాడుకోవాలి తప్ప వెలకట్టి పంచరాదు. ఇంటికి రాకపోకల దారినీ విభజించరాదు. ముక్కలు చేస్తే ఎవరికీ అక్కరకు రానిది ఉమ్మడిగానే ఉండాలన్నది ఇందులోని నీతి అని నేననుకుంటాను. ఇంటి గోడ కూడా ఆ కోవలోదే కదా!

అంతకన్నా పాతదైన కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఇరుగుపొరుగు ఇళ్లకు కొలతలే ఉన్నాయి. పక్కపక్క ఇళ్ల కప్పుల మధ్య నాలుగు అంగుళాల ఎడముండాలి, లేదా ఒకదానిపై మరొకటి కప్పి ఉండాలి అంటుంది అది.

ఫ్రాన్సువారి 1804 నాటి పౌరస్మృతి గోడ లోపలికే వెళ్లింది. ఉమ్మడి గోడలోకి దూలం దింపవచ్చు, కాని అవతలి ముఖానికి 54 మిల్లీమీటర్లు మిగల్చాలి. పొరుగువాడు తానూ అక్కడే దూలం పెట్టదలిస్తే, మొదటి దూలాన్ని గోడ సగం వరకు తగ్గించమని కోరవచ్చు. పొరుగువాని సమ్మతి లేకుండా గోడను తొలచకూడదు. అతడు నిరాకరిస్తే, అతని హక్కుకు హాని కలగని మార్గాన్ని నిపుణులచేత తేల్చుకోవాలి. మన దేశంలో 1882లో వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం కూడా, ఉమ్మడి ఆస్తి పంపకమైనప్పుడు ఒకరి భాగాన్ని అనుభవించడానికి ఇంకొకరి భాగంపై హక్కు తప్పనిసరైతే ఆ హక్కు ఉంటుందని గుర్తించింది. అయితే మొదట అది మద్రాసు ప్రెసిడెన్సీ, మధ్య పరగణాలు, కూర్గులకే వర్తించింది. మన జనగామ, మానుకోట అప్పటికి నిజాం ఏలుబడిలో ఉన్నాయి.

భూపాలపల్లి వైపు వెళితే ఇదే సూత్రం నేల కింద కనిపిస్తుంది. బొగ్గు గనిలో హద్దుకు 7.5 మీటర్ల లోపు తవ్వకూడదన్నది నియమం. అక్కడ ఎంత మంచి బొగ్గున్నా వదలివేయవలసిందే. వదలిన ఆ బొగ్గే పక్క గని నీటినీ, ప్రమాదాన్నీ ఆపే గోడ.

పాత ఇళ్లు కట్టినవారికి ఈ వివేకం చట్టాలు చదవకుండానే ఉండేది. గోడ లేపేటప్పుడే చిలుకకొయ్యలు దిగవేసేవారు, గూళ్లు వదిలేవారు. బట్టలకు కొయ్య, దీపానికి గూడు ముందే ఉంటే తరువాత తొలిచే పనేముంది? అవసరాలు ముందే తెలిసిన కాలమది. మనకు అవసరాలు తరువాత పుడుతున్నాయి, గోడ మాత్రం పాతదే. మట్టిగోడకు సుత్తి పోటు వంటి అదురు పనికిరాదు. ఆ యంత్రంలో అదురు మీటను ఆపి, తిరుగుడు మాత్రమే ఉంచి, మెల్లగా తొలవాలని తరువాత ఒక ముసలి మేస్త్రీ నాకు చెప్పాడు.

గూటికి మళ్లీ సున్నం మెత్తించాను. నా పుస్తకాల అరను నేలమీదే నిలబెట్టుకున్నాను. రెండు రంధ్రాలలో ఒకటి ఇప్పటికీ అలాగే ఉంది. పొద్దుగూకాక చిన్నమ్మ దీపం వెలిగిస్తే, ఆ చిన్న రంధ్రంలోంచి పసుపు వెలుగు చుక్క ఒకటి ఇవతలికి వస్తుంది. దానిని పూడ్చాలా అని చిన్నమ్మనే అడిగాను. ఈసారి ముందుగానే అడిగాను.

"ఉండనియ్యి బిడ్డా" అన్నది.