టు-లెట్ బోర్డుకి ఇవతల పక్క

సంక్రాంతి వెళ్ళాక విజయవాడలో మా ఇంటి గేటుకి టు-లెట్ బోర్డు కట్టాం. మావారికి హైదరాబాద్ బదిలీ అయింది, పిల్లాడి కాలేజీ కూడా అక్కడే. అత్తయ్యగారు చేత్తో పెంచిన జామచెట్టు, తులసికోట, మావయ్యగారు పోయిన గది, అన్నీ ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి అప్పజెప్పడమంటే మనసొప్పలేదు. అమ్మడానికి అసలే ఒప్పలేదు. చివరికి అద్దెకిద్దామనుకున్నాం.

నేను పుట్టినప్పట్నుంచీ పెళ్ళయ్యేదాకా అద్దె ఇళ్ళలోనే పెరిగాను. కాబట్టి మంచి ఓనరుగా ఉండటం నాకు తెలుసనుకున్నాను.

మూడోరోజు ఒకాయన ఫోన్ చేశాడు. ల్యాబ్ టెక్నీషియన్, భార్య టీచరు, ఏడాది పాప. మర్యాదగా మాట్లాడాడు. అద్దెకీ అడ్వాన్సుకీ ఒప్పుకున్నాడు. అంతా అయిపోయాక నా నోట్లోంచి ఒక మాట జారింది. "ఇంతకీ మీరేమిట్లండీ?"

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత చెప్పాడు. "మా ఆయన్ని కనుక్కుని చెప్తానండీ" అన్నాను. కనుక్కోవడానికి ఏమీ లేదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు మేమున్న అయిదు వాటాల పెంకుటిల్లు గుర్తొచ్చింది. అయిదు కుటుంబాలకి ఒకటే కుళాయి. ఓనరు గారికి కోపమొస్తే మోటారు ఆగిపోయేది. చుట్టాలొస్తే "ఎన్నాళ్ళుంటారు?" అని మా అమ్మని గుమ్మంలోనే అడిగేవారు. మా అక్క పదో తరగతి పరీక్షలకి నెల ముందు ఇల్లు ఖాళీ చెయ్యమంటే, అమ్మ వెళ్ళి బతిమాలి నెలన్నర గడువు తెచ్చుకుంది. అద్దెకుండటం అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు.

మర్నాటినుంచి అద్దె చట్టాల కథ చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకనిపించింది, అందులో ప్రతి నియమం వెనకా మా అమ్మలాంటి మనిషి ఒకరున్నారని.

1915లో స్కాట్లండులోని గ్లాస్గోలో ఏం జరిగిందో చూడండి. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. ఓడల కర్మాగారాల్లో, ఆయుధాల కర్మాగారాల్లో పనికోసం జనం ఊళ్ళోకి వచ్చిపడుతున్నారు. ఇళ్ళు చాలవు. ఓనర్లు అద్దెలు పెంచేశారు. మగవాళ్ళు చాలామంది యుద్ధంలో ఉన్నారు. మేరీ బార్బర్ అనే గృహిణి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కలిసి పెంచిన అద్దె కట్టం అన్నారు. ఇల్లు ఖాళీ చేయించడానికి అధికారి వస్తున్నాడంటే గంట కొట్టి అందరూ మెట్లకి అడ్డంగా చేరేవాళ్ళు, వంటింట్లోంచి పిండి తెచ్చి వాళ్ళమీద విసిరేవాళ్ళు. ఆ ఏడాది చివరికల్లా బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి, చిన్న ఇళ్ళ అద్దెలు యుద్ధానికి ముందున్న స్థాయి దాటకూడదంది. వంటింటి పిండితో వచ్చిన చట్టం అది!

అదే యుద్ధం మన దేశంలోనూ ఇళ్ళ కరువు తెచ్చింది. 1918లో బొంబాయిలో, 1920లో కలకత్తాలో అద్దె చట్టాలు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి మద్రాసు వంతు. 1941లో అద్దె నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. యుద్ధం అయిపోయినా ఇళ్ళ కరువు తీరలేదు కాబట్టి 1946లో ఒకటి, 1949లో ఇంకొకటి చట్టాలు చేశారు. మన కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసులోనే ఉండేవి కదా, ఆ చట్టమే మనకీను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో పెట్టుకోవలసి వచ్చిందంటే, మద్రాసునుంచి పెట్టే బేడా సర్దుకొచ్చిన గుమాస్తాల భార్యలు ఇళ్ళకోసం ఎన్ని వీధులు తిరిగారో ఊహించుకోవచ్చు. మూడేళ్ళకి మళ్ళీ సామాను కట్టుకుని హైదరాబాదు. అక్కడ 1954 నాటి వేరే అద్దె చట్టం ఉండేది. రెండు ప్రాంతాలకీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం వచ్చింది.

ఆ చట్టం ఏమనేది? అద్దె న్యాయంగా ఉందో లేదో రెంట్ కంట్రోలర్ తేల్చవచ్చు. సరైన కారణం లేకుండా నీళ్ళూ కరెంటూ ఆపకూడదు. కావాలని అద్దె ఎగ్గొడితేనో, వేరేవాళ్ళకి మళ్ళీ అద్దెకిస్తేనో, ఓనరుకి నిజంగా ఇల్లు అవసరమైతేనో, ఇలా చట్టంలో చెప్పిన కారణాలుంటేనే ఖాళీ చేయించాలి. నీళ్ళ సంగతి చదివినప్పుడు మా అయిదు వాటాల మోటారు గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. మేం అక్కడున్న రోజుల్లో ఆ చట్టం ఉంది. మా అమ్మకి తెలియదు, అంతే.

ఓనర్ల వైపు బాధ కూడా లేకపోలేదు. బొంబాయిలో ఎప్పటివో అద్దెలు అలాగే ఉండిపోయి, బాగుచేయించే దిక్కులేక పాత మేడలు శిథిలమయ్యాయి. ఇక్కడ 1983లో ప్రభుత్వం కొత్తగా కట్టిన ఇళ్ళకి పదేళ్ళపాటు, నెలకి వెయ్యి రూపాయలు దాటిన అద్దెలకి ఆ చట్టంనుంచి మినహాయింపు ఇచ్చింది. మనందరం రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటు కూడా అలాంటి జాగ్రత్తే. 1908లో వచ్చిన రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాలంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాసుకుంటాం.

ఇన్నీ చదివాక ఒకటి అర్థమైంది. అద్దె, కుళాయి, గడువు, ఇవన్నీ మనిషి ఇంట్లో దిగాక వచ్చే తగాదాలు. అద్దె చట్టం వాటిని పట్టించుకుంది. కానీ ఇంట్లోకి రానిచ్చేది ఎవర్ని?

1917లో అంబేద్కర్ విదేశాల్లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఆయనకి ఆ ఊళ్ళో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని ఉన్నారు. పదకొండోరోజున కర్రలు పట్టుకుని మనుషులొచ్చి వెళ్ళగొట్టారు. తెలిసినవాళ్ళని ఇద్దర్ని అడిగితే వాళ్ళూ ఏదో సాకు చెప్పారు. ఒక పార్కులో కూర్చుని పొద్దుపుచ్చి, రాత్రి రైలుకి బొంబాయి వెళ్ళిపోయారు. అంత చదువు చదివిన మనిషి!

1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం, అంటరానితనం పేరుతో ఒక మనిషిని ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో ఉండనివ్వకుండా అడ్డుకోవడం నేరమంది. కానీ ఎవరూ కారణం చెప్పరు కదండీ. "మా చుట్టాలొస్తున్నారు", "ఇప్పుడే ఒకరు అడ్వాన్సిచ్చారు", "మా ఆయన్ని కనుక్కుంటాను." కర్రలు లేవు, అంతే తేడా. కుళాయి కట్టేసిన మా ఓనరు గారిని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. ఆయన మాకు నీళ్ళే ఆపాడు. నేను గుమ్మమే మూసేశాను.

అయిదోరోజు ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. "వేరేచోట చూసుకున్నామండీ" అన్నాడు, అదే మర్యాదతో. నిజమో, నాలాగే సాకో తెలియదు. క్షమించమని అడగాలనిపించింది. ఏమని అడగాలో తోచక "పాప బావుందా?" అన్నాను. "బావుందండీ" అని పెట్టేశాడు.

తర్వాత ఇంకో కుటుంబం వచ్చింది. ఎంతమంది ఉంటారు, ఎక్కడ పని, అద్దె ఏ తారీఖున ఇస్తారు, ఈ మూడే అడిగాను. అగ్రిమెంటులో నీళ్ళ సంగతి, ఖాళీ చెయ్యాలంటే రెండు నెలల ముందు చెప్పాలన్న సంగతి నేనే పట్టుబట్టి రాయించాను. పిల్లల పరీక్షలప్పుడు ఖాళీ చెయ్యమనకూడదని కూడా. మావారు నవ్వారు గానీ సంతకం పెట్టారు.

తాళాలిచ్చి హైదరాబాదు వచ్చాక అత్తయ్యగారు అడిగారు. "ఎవరే వాళ్ళు? ఏమిట్లు?"

"అడగలేదత్తయ్యా" అన్నాను.

ఆవిడ కాసేపు నావంక చూసి, "జామకాయలు పిల్లల్ని కోసుకోమన్నావా మరి?" అన్నారు.

ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను. ఇవాళ ఫోన్ చెయ్యాలి.